మా నాన్న ఆకురాయి, రాజుగారి మీసం

ఒసే ఇల్వా, నా సొరుగులో నీకేం పనే? ఏదీ, ఏం దొరికిందీ... ఓసోస్, అదా! ఇలా తే. వెండి నాణెమేలే, నల్లబడింది. ఒక పక్క నున్నగా ఉందంటే అరిగిపోయి కాదే పిచ్చిదానా, మీ ముత్తాత అరగదీశాడు. మా నాన్న, ఎగిస్తో, ఈ ఊరి కమ్మరి. ఎందుకంటావా? నా బొడ్డు కోసం. నవ్వకు, చెప్తుంటే!

పుట్టిన పది రోజులకి నా బొడ్డు ఉబ్బి బయటికొచ్చిందట. ఏడిస్తే మరీ పొడుచుకొచ్చేది. నేను ఏడవని నిమిషం లేదట, ఇప్పుడూ అంతేలే. మంత్రసాని దోసోలీనా చూసి, "ఈ పూటే వెండి నాణెం పెట్టి బిగించి కట్టాలి, లేకపోతే పేగు జారుతుంది, పిల్ల దక్కదు" అందట. అప్పట్లో ఏ బిడ్డకైనా అదే వైద్యం. అంత పెద్ద వెండిదంటే రాజుగారి బొమ్మున్న అయిదు లీరాల నాణెమే. మా అమ్మ జెల్త్రూదె పెళ్ళినాడు దాచుకున్నది తెచ్చింది. ఇంక చూస్కో, మా నాన్న లేచాడు. ఆయనకి రాజంటే ఒళ్ళుమంట. ఊళ్ళో సగం మంది మగాళ్ళు అంతే అనుకో, ఈయన మరీనూ. నాకు రిబెల్లా అని, అంటే తిరుగుబాటుదని, పేరెట్టిన మనిషి. "ఆ మీసాలోడి మొహం నా కూతురి పొట్ట మీదా? నా కంఠంలో ప్రాణముండగా కుదరదు!" దోసోలీనా ఏమన్నా తక్కువ తిందా? "అయితే తిరగేసి పెడతా, అటు రాజు లేడు" అంది. తిరగేస్తే ఏముందీ? డాలు, డాలు నిండా సిలువ, పైన కిరీటం. మా నాన్నకి రాజు తర్వాత పడనివాడు పాదిరీ. "రెండు పక్కలా దొంగలే!" అని ఒకటే కేక. అంచు మీద నాలుగక్షరాలున్నాయి, ఇదుగో, వేలు పెట్టి చూడు. వాటి అర్థం మేష్టారొకటి చెప్పేవాడు, పాదిరీ ఇంకోటి, మా మేనత్త మొగుడు... సరే, ఆ తాగుబోతు ఊసెందుకులే.

నేనేమో గుక్కపట్టి నీలం తిరిగిపోతున్నా. "రాజు మీద కసి తర్వాత తీర్చుకుందువుగాని, ముందు పిల్లని బతికించు" అని అమ్మ కాళ్ళు పట్టుకుంది. ఆయన నాణెం లాక్కుని కొలిమి దగ్గరికి పరిగెత్తి, పట్టుకారులో బిగించి, ఆకురాయితో రాజుగారి మీసం దగ్గర మొదలెట్టి ముక్కూ చెవీ అన్నీ గీకిపారేశాడు. సిలువ వైపు తిప్పబోతే దోసోలీనా చెయ్యి పట్టేసుకుంది. "ఒరేయ్ ఎగిస్తో, అదీ గీకితే రేకు మిగుల్తుంది. బొడ్డుని ఆపేది బరువురా, నీ రాజకీయం కాదు!" ఆగాడు. ఆగి, ఇంత తెలివి చూపించాడు. "సిలువని లోపలికి పెట్టు. ఎవడి కంటా పడకూడదు."

పది రోజులు కట్టు విప్పనివ్వలేదు దోసోలీనా. విప్పితే బొడ్డు శుభ్రంగా లోపలికి పోయింది. కానీ నా పొట్ట మీద, అచ్చు గుద్దినట్టు, సిలువ! పక్కింటావిడ చూసి మోకాళ్ళ మీద పడింది. గంటలో వీధంతా మా ఇంట్లోనే. "దేవుణ్ణి తిట్టేవాడింట్లో దేవుడే దిగాడమ్మా!" అని ఒకత్తి, "మా కోడలి కడుపు పండాలి, ఒక్కసారి తాకనీ" అని ఇంకొకత్తి. దోన్ చెలెస్తే పాదిరీ గారు గుమ్మంలో నించుని, "గుడికి నువ్వు రానన్నావు, గుడే నీ ఇంటికొచ్చింది నాయనా" అని నవ్వు. మా నాన్న "అది నాణెం అచ్చండీ బాబూ!" అని నెత్తీ నోరూ కొట్టుకుంటే, "ఏదీ, చూపించు" అన్నాడాయన. ఎలా చూపిస్తాడే? రాజుగారి మొహం గీకినందుకు జైల్లో పెడతారు! మింగలేక కక్కలేక, "పోయింది, కనపడ్డంలేదు" అన్నాడు. "చూశారా, మాయమైంది కూడానూ!" అని ఆడాళ్ళు మళ్ళీ మోకాళ్ళ మీద పడ్డారు.

అందరూ పోయాక అమ్మ లోపలికొస్తే, ఈయన ఉయ్యాల మీదకి వంగి నా పొట్టని ముద్దుపెట్టుకుంటున్నాడట. "అయితే సిలువకే మొక్కావన్నమాట" అందిట అమ్మ, దెప్పుతూ. "సిలువెక్కడుందే? నాకు బతికున్న కూతురే కనపడుతోంది" అని భోరుమన్నాడట. అంత మనిషి...

నువ్వెళ్ళి పెనం మీద రొట్టె తిరగెయ్యవే. మాడు వాసనొస్తోంది.