గండి ఆపిన చీలమండ

రామకోటి నోటికి ఎదురుండేది కాదండి. కాలికే ఉండేది. ఆ నోరు మూతపడి ఎన్నేళ్ళయిందో, టీ తాగుతుంటే ఇప్పటికీ చెవిలో మోగుతానే ఉంటది.

యాభైల నాటి మాట. కొల్లేటి ఒడ్డున బుల్లెమ్మ టీ బడ్డీలో పొద్దున్నే బల్లెక్కి కూచున్నాడు. కూచున్నాక కుడికాలి చీలమండ బిగుసుకుపోయింది. ఎప్పుడూ అంతే, కాసేపు కదలకపోతే తుప్పట్టిన తలుపు బందులాగయిపోద్ది. లేచి నాలుగడుగులు కుంటితే గానీ వదలదు. ఆ నాలుగడుగులు ఎదురుబల్ల మీదున్న మేనల్లుడు కనకరాజు కంటబడకూడదు. పడ్డాయంటే దోనె వెనక నిలబడి గెడ వేసే పని రేపట్నించి వాడిదే. ముప్పయ్యేళ్ళుగా ఆ గెడ రామకోటిది. అందుకని అందరూ లేచెళ్ళేదాకా కబుర్లు చెబుదామనుకున్నాడు. వాళ్ళు లేవలేదు. కబుర్లు పెరిగాయి.

"ఒకసారి గాలివానొచ్చిందిరా కనకరాజూ. దోనెలో నలుగురం. ఈ ఒక్క కాలు మీద నిలబడి ఒడ్డుకి తెచ్చాను."

"నిజవే మావయ్యా, మా నాన్న చెప్పేవాడు."

నిజవని ఒప్పుకున్నాక ఆగిపోతే రామకోటి ఎందుకవుతాడు?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? చీలమండ టకటకా మోగింది. ఎవరో పిలిచారనుకుని కొర్రమీనులు ఎగిరెగిరి దోనెలో పడ్డాయి. తూకం వేస్తే తక్కెడ విరిగింది."

"చేపలకి చెవులుంటాయాండీ?" అన్నాడు మిషనాసుపత్రి కాంపౌండరు యాకోబు, టీ ఊదుకుంటా.

"కొల్లేటి చేపలకుంటాయండి. మీది పైవూరు, మీకు తెలీదు. సరే, ఏలూర్లో పెద్ద డాక్టరు దీనికి ఫొటో తీశాడు. తీసి, చూసి, లేచి దణ్ణం పెట్టాడు. తాడేపల్లిగూడెం నించి ఇంకో నలుగురు డాక్టర్లు రైలెక్కి వచ్చారు చూట్టానికి. ఇది ఎముక కాదు, రైలుపట్టా అన్నారు."

"మరి ఆ వాపేంటి బావగారూ?" అంది బుల్లెమ్మ.

"వాపు కాదు బుల్లెమ్మా, బలం. ఒకచోట పోగుపడింది." రామకోటి పంచె కిందకి లాక్కున్నాడు. ఎవరూ లేవలేదు. ఇంకా పెద్దది చెప్పక తప్పలేదు.

"ముదినేపల్లి దగ్గర కాలవకి గండి పడింది. బస్తాలు వేస్తుంటే కొట్టుకుపోతున్నాయి. నేను పోయి కాలు అడ్డం పెట్టాను. మూడు రోజులు. నీళ్ళు దారి లేక బెజవాడ దాకా వెనక్కెళ్ళి, అక్కడ దారి కనుక్కుని మళ్ళీ వచ్చాయి. అన్ని నీళ్ళు ఒరుసుకుపోతే అరగదా మరి? అరిగింది. వెయ్యెకరాల వరి నిలబడిందంటే దీని చలవే."

బుల్లెమ్మ పొయ్యి దగ్గర్నించి చెయ్యి చాపింది. "గండి ఆపిన కాలు గదా బావగారూ, లేచి ఆ ఖాళీ గ్లాసు ఇలా తెచ్చియ్యండి."

బల్లకీ పొయ్యికీ మధ్య సరిగ్గా నాలుగడుగులు.

"కథ మధ్యలో లేవకూడదు" అన్నాడు రామకోటి.

"కథయిపోయింది గదండీ" అన్నాడు యాకోబు. "పదేళ్ళ కిందట ఆ ఎముక విరిగితే, నలభై రోజులు కదపొద్దని వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారంట. పన్నెండో నాడే విప్పేశారంట. ఎందుకండీ?"

రామకోటి కొల్లేటి వైపు చూశాడు. జవాబు కనకరాజు చెప్పాడు.

"చేపలు బాగా పడే రోజులండి. చేపలు పట్టే మావుకి బద్దలు ఊడిపోయాయి. కాలికున్న బద్దలు విప్పి దానికి కట్టుకున్నాడు. ఆ మావు ఇంకా మా దోనెలోనే ఉంది. అదొక్కటీ గట్టిగా ఉంది."

"గండి కాదన్నమాట అరగ్గొట్టింది" అన్నాడు యాకోబు. "సరిగ్గా అతకని ఎముక మీద పదేళ్ళు నిలబడ్డారు. కీలులో ఉండే మెత్తటి పొర అరిగిపోయింది, అది మళ్ళీ రాదండి. ఉన్నది కాపాడుకోవాలి. వేణ్ణీళ్ళ కాపడం, బిగుతుగా గుడ్డకట్టు, చేతికర్ర. నిలబడే పని మానేసి కూచునే పని. కూచున్నా మధ్యమధ్య పాదం ఆడిస్తుండాలి. తమరు ఇందాకట్నించి ఆడించింది నోరొక్కటే."

కనకరాజు వచ్చి మావయ్య చంక కింద భుజం పెట్టాడు. రామకోటి పళ్ళు బిగబట్టి పైకి వచ్చాడు.

"చూశారా, లేచాను."

"లేచింది నేను మావయ్యా. నువ్వు వేలాడుతున్నావు. గెడ నాకిచ్చి రేపట్నించి దోనె ముందు కూచో. మావులు చూస్తా కోతలు కోసుకుందువు గాని."

రామకోటి బల్ల మీది ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. కనకరాజు చూస్తుండగానే నాలుగడుగులూ కుంటి, గ్లాసు బుల్లెమ్మ చేతిలో పెట్టాడు.