పదమూడు తాంబూలాలు

హలో… ఆ, గిరిజాకుమారినే. చెప్పండి అన్నయ్యగారూ.

…

స్కూల్నుంచి ఇప్పుడే వచ్చాను. నోటుబుక్కులు దిద్దుతున్నా. రెండు వీధుల అవతల ఉండి ఫోనెందుకు, వచ్చేయలేకపోయారా?

…

అవునవును, దూరం పాటించాలి. మంచిదే. ఇప్పటికైనా.

…

మీ శిష్యురాలు మరియమా రిపోర్టు సంగతా? తెలుసు. రేపు మీ కమిటీ ముందు చదువుతుందట.

…

నాకెలా తెలుసంటారేమిటి! ఆఫ్రికా దేశాల నుంచి చురుకైన పిల్లల్ని ఏరి తెస్తున్నాం, జబ్బు ఎవరి నుంచి ఎవరికి పాకిందో వెతకడం నేర్పుతున్నాం అని ప్రతి పండక్కీ మీరే కదా చెప్పేవారు. ఆ పిల్ల నేర్చుకుంది. అభినందనలు.

…

అనుభవం లేదనకండి. ఎబోలా రోజుల్లో సియెర్రా లియోన్‌లో ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుంది. అప్పటికి పంతొమ్మిదేళ్లు. అలాంటి పిల్లకి మీరు మొదటి రోజు చేతులు కడుక్కోవడం మీద గంటన్నర పాఠం చెప్పారట.

…

లేదండీ, ఫిర్యాదు కాదు. "సార్ బాగా చెప్పారు" అనే అంది.

—

నా సంతకం… ఆ, చనిపోయినవారి కుటుంబం అనుమతి. ఇచ్చాను. చదివే ఇచ్చాను.

…

వెనక్కి తీసుకోవాలా! ఎప్పటిలోగా?

…

ఐదింటికా. ఉత్తరం కూడా మీరే రాసి పంపిస్తారా, నేను పేరు పెడితే చాలా? ఎంత శ్రమ పడుతున్నారో.

…

అప్పుడు ఆ పిల్ల ఏమవుతుంది?

…

'ఇంకో అంశం తీసుకుంటుంది.' జులైలో వీసా అయిపోతుంది కదండీ. వాళ్ల ఫ్రీటౌన్‌లో ఉద్యోగం మీ కోర్సు సర్టిఫికెట్ కోసం ఆపి ఉంచారు. నాకన్నా మీకే బాగా తెలుసు.

…

మీ పేరు లేదు. ఎవరి పేరూ లేదు. మీరు ఒకటో వ్యక్తి. మా ఆయన పదిహేడో వ్యక్తి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషిని పదిహేడో వ్యక్తి అని చదవడం మొదట కొంచెం… పర్లేదు. అలవాటైంది.

—

జాబితా నేనే ఇచ్చాను.

…

తాంబూలాల జాబితా. ఆ రోజు మీ ఇంట్లో వ్రతానికి సుగుణ వదినగారు తాంబూలాలు సర్దే పని నాకు అప్పగించలేదూ? ఒక్కరు కూడా తప్పిపోకూడదని పేర్లు రాసుకుని, ఇచ్చినప్పుడల్లా టిక్కు పెట్టాను. పదమూడు తాంబూలాలు, పదమూడు కుటుంబాలు. ఒక్క కుటుంబాన్ని మించి ఇంటికి పిలవొద్దన్న రోజులవి. అందులో ఒకటి నాదే. ఆ తర్వాత నాకెవరూ తాంబూలం ఇవ్వలేదు.

—

సరేలెండి. ఆరోగ్యశాఖ వాళ్లు ఫోన్ చేస్తే మీరేం చెప్పారు? "పక్కింటివాళ్లు మాత్రమే" అని.

…

క్షమించండి, నవ్వొచ్చింది. మీ పాఠంలో ఒక స్లైడు ఉందట కదా, 'చదువులేనివారు సమాచారం దాస్తారు' అని. మరియమా వాళ్ల ఊళ్లోనూ మొదట దాచారట. గుమ్మం ముందు కూర్చుంటే మూడో రోజుకి మనసు కరిగి చెప్పారట. ఇక్కడ మన మెయ్‌నూత్‌లో పదకొండు ఇళ్లవాళ్లు గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. అందరూ సాఫ్ట్‌వేరే. ఇద్దరు మాత్రం డాక్టర్లు.

…

వ్రతాన్ని నేనెందుకు తప్పుపడతాను? నేనూ వచ్చాను కదా. ఆయన వద్దన్నారు. "సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే వెళ్లకుండా ఎలా?" అని నేనే లాక్కొచ్చాను. ఆ మాట కూడా రిపోర్టులో ఉంది. నేనే రాయించాను.

—

దత్తాత్రేయ ఉంటే ఒప్పుకునేవాడు కాదంటారా? మా ఆయనే ఉంటే ఈ రిపోర్టు ఉండేది కాదు కదండీ.

—

ఆ… దహనానికి పదిమందినే రానిచ్చారు. మీరు వీడియో లింకులో చూశారు. కెమెరా ఆపుకుని.

—

అన్నయ్యగారూ… ఏడవకండి. నిదానంగా చెప్పండి.

…

చలికాలం దగ్గనుకున్నారు. సరే. ముందురోజు టెస్టు చేయించుకున్నారు. సరే, అదీ రాసింది.

…

మెసేజా? ఏ మెసేజ్?

—

ఎప్పుడు వచ్చింది?

—

పంతులు గారు మూడో కథ చదువుతుంటేనా.

—

జేబులో ఫోన్ కదిలింది. తీసి చూశారు… చూసి?

—

'పీటల మీంచి మధ్యలో లేవకూడదు కదమ్మా.' ఊఁ.

…

ప్రసాదం తీసుకోకుండా ఎవరూ వెళ్లకూడదు. అందుకని ఎవర్నీ వెళ్లమనలేదు.

—

అప్పటికి ఇంకా రెండు కథలున్నాయి. హారతి ఉంది. భోజనాలున్నాయి. మా ఆయన పులిహోర బాగుందని మళ్లీ అడిగారు. మీరే వచ్చి వడ్డించారు. మాస్కు కిందకి లాక్కుని, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ.

—

లేదు. నాకు తెలియదు.

…

మరియమా ఎలా చెబుతుంది? ఆమెకీ తెలియదు. 'ఒకటో వ్యక్తికి ఫలితం అందిన సమయం' అని ఒక గడి ఉంది. అది ఖాళీగా వదిలేసింది. రిపోర్టు మొత్తం చదవలేదా మీరు?

—

మొదటి పేజీ చూసి ఫోన్ చేశారు. తీరా నాకు మీరే చెప్పారు.

—

అరవడం లేదండీ. నేను ఎప్పుడూ ఇంతే మాట్లాడతాను.

…

ఎవరికీ చెప్పొద్దంటారా.

—

నాలుగు నెలలుగా రోజూ ఒకటే అనుకుంటున్నాను. పాపం అన్నయ్యగారికి తెలియదు, ఎవరికీ తెలియదు, మా ఆయన్ని నేనే తీసుకెళ్లాను అని. మీరు వారం వారం ఫోన్ చేసి, "తిన్నావా చెల్లెమ్మా" అని అడిగారు. అది ఒక్కటీ చెప్పలేదు.

—

లేదు. సంతకం వెనక్కి తీసుకోను.

…

నేను ఎవరికీ చెప్పను. మీరే చెప్పండి. మరియమాకి ఫోన్ చేసి ఆ గడి నింపించండి. మీరన్న ఐదింటిలోగానే. ఐదు దాటితే మాత్రం నేను చేస్తాను.

…

వద్దు. ఇంక ఆ 'చెల్లెమ్మా' అన్న పిలుపు వద్దు.

…

భయపడకండి. ఆ పిల్ల కోప్పడదు. మిమ్మల్ని ఒక్క మాట కూడా అనదు. రాసుకుంటుంది, అంతే.

—

హలో?

…

జనార్దనరావు గారూ… ఉన్నారా?

…

పెట్టేశారు.