కుళాయి అవతల

హలో… ఆఁ, అన్నయ్యా, నేనే. చెల్లిని…

లేదు లేదు, అమ్మకేం కాలేదు. బాగానే ఉంది. కంగారు పడకు…

ముందు బండి పక్కకి తీసి ఆపు. ఆ హారన్ల గోలలో నాకేం వినపడటం లేదు… పర్లేదు, ఆగుతా. నువ్వు ఆపాకే చెప్తా.

…

ఆపావా? ఇంజను కూడా ఆపు…

కౌన్సిల్ ఆఫీసులో ఉన్నాం. రికార్డు గది బయట, వరండాలో. అమ్మ బల్ల మీద కూర్చుంది. నేను మెట్ల దగ్గరికొచ్చి మాట్లాడుతున్నా, తనకి వినపడకుండా…

తిట్టు. తిట్టదల్చుకున్నదంతా ఇప్పుడే తిట్టేసెయ్. కడుపులో పెట్టుకోకు…

అయిందా?

నువ్వు వద్దన్నావు, నిజమే. నేనూ వద్దనే అన్నాను. 'ఎప్పటి మాటో అమ్మా, ఇప్పుడు తవ్వుకుని ఏం చేస్తాం' అన్నాను… నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, ఏం మాటన్నానో. ఆవిడతో అనాల్సిన మాటేనా అది…

అమ్మా? నాకేసి ఒక్క చూపు చూసింది, అంతే. ఇవాళ పొద్దున్నే లేచి, పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది. ఎవరిదో పెళ్ళికి వెళ్తున్నట్టు తయారై గుమ్మంలో నిలబడింది. ఇంకేం చేస్తాను? కుట్టు కొట్టుకి తాళం వేసి వెంట వచ్చా. ఇవాళ ఇవ్వాల్సిన బట్టలు మిషను మీదే ఉన్నాయి. తిట్టుకుంటే తిట్టుకోనీ…

ఉహుఁ, ఈసారి తరమలేదు. గుమస్తా మారాడు. ఆ పాత ఆయన… అదే, మనం 'రేపురా' అని పేరు పెట్టామే, ఆయన పోయాడు… ఛ ఛ, ఆ పోవడం కాదు. రిటైరయ్యాడు. ఇంట్లో వాళ్ళావిడ అన్నం అడిగినా రేపు రమ్మంటున్నాడేమో…

నవ్వావా? హమ్మయ్య.

ఇప్పుడు గుమ్మం పక్కనే బోర్డు పెట్టారు. కౌన్సిల్ అమ్మిన స్థలాలు, కొన్న స్థలాలు, వాటి కాగితాలు ఎవరైనా వచ్చి చూసుకోవచ్చట. అమ్మ ఆ బోర్డు ముందు నిలబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. లోపలికెళ్ళగానే, కొత్త గుమస్తా నోరు తెరవకముందే, 'నాకు సంబంధం ఉంది బాబూ' అంది. పాపం, పాతాయన ఎప్పుడెళ్ళినా అదే కదా అడిగేవాడు, మీకేం సంబంధం అని. ఈయన నవ్వి, 'సంబంధం ఉండక్కర్లేదమ్మా, ఎవరైనా చూడొచ్చు' అన్నాడు. అయినా అమ్మ వదల్లేదు… 'అందరికీ లేకపోవచ్చు, నాకుంది' అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

చెప్తున్నాగా, అసలు సంగతికే వస్తున్నా…

చూశాం. శ్మశానం వెనక స్థలం. గోడౌను వాళ్ళకి అమ్మిన కాగితాలన్నీ చూపించాడు. ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, మీటింగులో ఎవరెవరు చేతులెత్తారు, అన్నీ ఉన్నాయి. దాపరికమేం లేదు. దొంగతనంగా జరిగుంటే బాగుండేదన్నయ్యా, ఎవరో ఒకర్ని శపించుకునేవాళ్ళం. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. అభ్యంతరాలుంటే చెప్పమని పేపర్లో ప్రకటన కూడా వేశారట. ఎవరూ చెప్పలేదట… ఎవరు చెప్తారు? మనమెప్పుడు చూశాం ఆ ప్రకటన? గోడ లేచాకే కదా తెలిసింది. గోడ కట్టేవాళ్ళకి అమ్మ అడ్డంగా నిలబడితే, ఈ ముసలావిడకి మతి పోయిందన్నారు…

ఆఁ, రాశారు. ఆ స్థలం గురించి ఏం రాశారంటే… 'ఖాళీ స్థలం. ఏ వాడకంలోనూ లేదు.'

అదే మాట. ఉన్నదున్నట్టే చెప్తున్నా.

నేను చదివి వినిపిస్తూ ఆ వాక్యం దాటేద్దామనుకున్నా. అమ్మ కళ్ళజోడు సర్దుకుని, దాని మీదే వేలు పెట్టింది. 'ఖాళీ అన్నారేంటి?' అని అడిగింది. ఆయనకేం తెలుసు… 'రాళ్ళూ గుర్తులూ ఏం లేవు కదమ్మా, అందుకని రాసుంటారు' అన్నాడు. అప్పుడు చెప్పింది. 'మా పిల్లాడున్నాడు బాబూ అక్కడ' అని… 'నా రెండోవాడు. పుట్టి వారం తిరక్కుండా పోయాడు. నేను ఆస్పత్రి మంచం మీదున్నా. వాళ్ళ నాన్నే తీసుకెళ్ళి పెట్టొచ్చాడు. ఎక్కడ పెట్టావయ్యా అంటే, కుళాయి దగ్గర అన్నాడు. బతికినన్నాళ్ళూ అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు' అని… ఎప్పట్నుంచో తెలిసిన చుట్టంతో చెప్పినట్టు మొత్తం చెప్పేసింది. నాకు కూడా అంత వివరంగా ఎప్పుడూ చెప్పలేదు అన్నయ్యా. మన చిన్నప్పుడు ఇంట్లో ఆ మాట ఎప్పుడైనా ఎవరైనా ఎత్తారా…

ఊఁ.

ఆయన రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు. బీరువా తీసి, మ్యాపు తెచ్చి టేబుల్ మీద పరిచాడు.

అదే, అందుకే నీకు చేశాను. విను. కుళాయి ఇవతలే ఉంది. శ్మశానం వైపు. అమ్మిన ముక్క కుళాయి దాటాక మొదలవుతుంది. కాస్త దాటీ దాటగానే. అక్కణ్ణుంచి వెనక కాలవ దాకా వాళ్ళదే. మధ్యలో గోడ. నువ్వు చూశావుగా…

అమ్మ మొహం చూడాల్సింది నువ్వు. 'ఇవతలే, ఇవతలే' అంటూ నా చెయ్యి పట్టుకుని ఒకటే నొక్కేస్తోంది. చిన్నపిల్లలా అయిపోయింది.

లేదు, అంతటితో తేల్లేదు… ఆ గుమస్తా మంచివాడే, కానీ ఉన్నమాట అన్నాడు. 'కుళాయి దగ్గరంటే ఇటో అటో ఎలా తెలుస్తుందమ్మా' అని. ఇటువైపైతే ఏ గొడవా లేదు, నిశ్చింతగా ఇంటికెళ్ళండి అన్నాడు. అటువైపైతే మాత్రం అర్జీ ఇవ్వచ్చట. స్థలం తిరిగి రాదు. సిమెంటు పోసేశారు, లారీలు తిరుగుతున్నాయి, ఇంకెక్కడొస్తుంది… కానీ ఇక్కడో పసివాడున్నాడు అని మనం రాసిచ్చిన కాగితం ఆ ఫైల్లో పెడతారట. ఇకమీదట ఎవరు వచ్చి ఆ ఫైలు తెరిచినా అది కనపడుతుందట.

అందుకని అడుగుతున్నా. నాన్న నీతో ఎప్పుడైనా ఏమైనా అన్నాడా? పెద్దవాడివి నువ్వే. చివర్లో ఆస్పత్రిలో ఆయన పక్కన పడుకున్నదీ నువ్వే…

ఏమీ అనలేదా.

బాగా గుర్తు తెచ్చుకో… ఏ కాస్త అన్నా చాలు. 

అన్నయ్యా?

లైన్లో ఉన్నావా?

…ఏంటి? మళ్ళీ చెప్పు.

నువ్వు వెళ్ళావా?

నాన్నతోనా? అంత చిన్నవాడివి, నిన్నెలా తీసుకెళ్ళాడు…

ఊఁ… ఇంట్లో ఎవరూ లేక… అవునులే, ఎక్కడ వదుల్తాడు నిన్ను…

ఊఁ… వానా?

ఊఁ…

కాటికాపరే తవ్వాడా. నాన్న తవ్వలేకపోయాడా… ఒళ్ళో పెట్టుకుని మట్టిలోనే కూర్చుండిపోయాడా…

ఏడవకు అన్నయ్యా… సరే, ఏడు. బండిలో ఒక్కడివేగా. ఏడు, నేనెక్కడికీ పోను.

…

ఊఁ, చెప్పు.

కాలవ చప్పుడు… పక్కనే వినపడిందా. మరి కుళాయి?… ఆఁ. అంతా అయ్యాక, తిరిగొచ్చేటప్పుడు… కాళ్ళు కడుక్కున్నది అక్కడా. నీ కాళ్ళు నాన్నే కడిగాడా. అందుకని ఆయనకి ఆ కుళాయి ఒక్కటే గుర్తుండిపోయి… అయ్యో నాన్నా.

అంటే… అవతల.

సరిగ్గా గుర్తుందా నీకు? చిన్నవాడివి, పొరబడ్డావేమో. కాలవ గట్టు ఎంత దూరం?… ఆనుకునేనా… మట్టి గట్టు మీంచి జారి కాలవలో పడుతుంటే చూశావా…

ఇంక అనుమానం లేదులే.

ఉండు. ఒక్క మాట. ఆ గోడౌను లోడు నువ్వు మానేసింది అందుకేనా?… ఊళ్ళోనే పని. సాయంత్రానికి ఇంటికొచ్చేవాడివి, పిల్లల్తో అన్నం తినేవాడివి. ఉన్నపళాన వదిలేసి ఈ దూరాల బండి పట్టావు. వదిన ఎంత గోల పెట్టింది! నేను కూడా అన్నాను, సుఖం ఎక్కువైందని… బండి పెట్టమన్న చోటు అదేనా?

బండి ఆ గట్టు వైపు వెనక్కి తియ్యమంటే… తియ్యలేకపోయావా.

ఓనరు తిడుతుంటే పడ్డావా. చెప్పచ్చుగా… అమ్మకి కాకపోయినా నాకు. వదినకైనా…

లేదు, నాకేం కోపం లేదు. నిజంగా లేదు. ఒక్కడివే మోశావే అని…

ఇప్పుడేం చెప్పమంటావు అమ్మకి?

…ఇవతలే అని చెప్పేయమంటావా.

తేలికే అన్నయ్యా. చాలా తేలిక. ఇప్పుడెళ్ళి 'అన్నయ్య కూడా ఇవతలే అన్నాడమ్మా' అంటే లేచి ఇంటికొచ్చేస్తుంది. కడుపునిండా తింటుంది. కంటినిండా నిద్ర కూడా పోతుందేమో. ఆ తర్వాత ఏటేటా వచ్చి ఆ కుళాయి దగ్గర నిలబడుతుంది… ఎవరూ లేని చోట నిలబడి కళ్ళు ఒత్తుకుంటుంది. పక్కన నేనుండాలి. చూస్తూ ఉండాలి. నావల్ల కాదు.

నువ్వన్నది అర్థమైంది. ఈ వయసులో తట్టుకోలేదనేగా… కాగితాలు చూపించని వాళ్ళని ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం అన్నయ్యా. వాళ్ళు ఆఖరికి తలుపు తీశారు. ఇప్పుడు మనమే ఆవిడ దగ్గర దాచిపెడదామా?

…

ఊఁ.

నాకూ భయంగానే ఉంది…

అన్నయ్యా, ఆగు. ఆవిడొచ్చేసింది. బల్ల మీంచి లేచి వచ్చేసింది. గోడ పట్టుకుని నిలబడి నా మొహమే చూస్తోంది… అమ్మా, నువ్వెందుకు లేచావు, నేనొస్తున్నాగా…

తెలిసిపోయింది ఆవిడకి. ఫోనిమ్మని చెయ్యి చాపింది.

నువ్వే చెప్పు. చూసినవాడివి నువ్వు… కుదరదంటే ఎలా? నీ నోటితో వింటేనే నమ్ముతుంది. మెల్లిగా చెప్పు. నేను పక్కనే ఉంటా.

ఇదిగో అమ్మా… ఈ చెవికి పెట్టుకో, ఆ చెవికి వినపడదు నీకు. మెట్టు మీద కూర్చో ముందు. నన్ను పట్టుకో… ఊఁ, అలా.

………

అమ్మా, మంచినీళ్ళు తాగుతావా?… సరే. సరే, నేను మాట్లాడను.

………

హలో… నేనే.

ఇచ్చేసింది. నా చేతిలో పెట్టేసి లోపలికెళ్తోంది… బాగానే నడుస్తోంది. పట్టుకోబోతే వద్దంది.

ఏం అడిగింది నిన్ను? అంతసేపూ వింటూ కూర్చుంది, చివర్లో ఏదో ఒక్క మాట అడిగింది. చాలా చిన్నగా. నాకు వినపడలేదు.

…తడిశాడా అనా?

ఏం చెప్పావు?

గొడుగు నీ చేతిలోనే ఉందా. నాన్న మీదికి కాకుండా వాడి మీదికే పట్టావా… చేతులు లాగేస్తున్నా దించలేదా… నిజంగానేనా అన్నయ్యా, అమ్మ కోసం అన్నావా?

నిజమేనా.

మంచి పని చేశావు… ఏమీ చెయ్యలేకపోయాననకు. అంత చిన్న చేతుల్తో ఇంకేం చేస్తారు ఎవరైనా…

ఉండు, కిటికీలోంచి కనపడుతున్నారు. గుమస్తా లేచి ఆవిడకి కుర్చీ జరిపాడు. కాగితం తీశాడు… అమ్మ చెప్తోంది, ఆయన రాస్తున్నాడు.

అవతలే అని చెప్తోంది. మ్యాపు మీద కాలవ గట్టు వెతుక్కుని వేలు పెట్టింది… లేదు, ఏడవడం లేదు.

నా సంతకం కావాలంటారేమో, వెళ్తా. నువ్వు మొహం కడుక్కుని, ఏదైనా తిని, అప్పుడు బండి తియ్యి. వెంటనే తియ్యకు. ఈసారి వచ్చినప్పుడు వదినకి నువ్వే చెప్పు, ఎందుకు మానేశావో…

ఆగు… ఆయన ఏదో అడుగుతున్నాడు. పేరట. పిల్లాడి పేరేమని రాయమంటారని.

పేరెక్కడిది… వారమే తిరగలేదు, పేరు పెట్టే వేళే కాలేదుగా. నీకేమైనా తెలుసా?… నాన్న కూడా అనలేదా ఎప్పుడూ…

లేదని చెప్పేస్తుందిలే, పాపం—

ఉండు.

చెప్తోంది.

పేరు చెప్తోంది అన్నయ్యా… తడుముకోవడం కూడా లేదు. అడిగీ అడగ్గానే చెప్తోంది…

ఏమో, తెలీదు. మాట్లాడకు నువ్వు, ఒక్క క్షణం… ఇక్కణ్ణుంచి సరిగ్గా వినపడటం లేదు. లోపలికెళ్తా. నన్ను విననీ… పెట్టేస్తున్నా.