ఎనిమిదో కార్డు

మధ్యాహ్నం. అక్క టారో కార్డులు చదివి జోస్యం చెప్పే గది. చెల్లి చెప్పులతోనే లోపలికి వచ్చింది.

"త్రాసు ఏదక్కా? ఈ ఎనిమిదో కార్డులో త్రాసు ఎక్కడుందో చూపించు."

"ముందు కూర్చో."

"కూర్చోను. ఎనిమిదంటే న్యాయం అన్నావు ఫోన్లో. ఇవాళ తీర్పు చెప్పేటప్పుడు కోర్టు గోడ మీద త్రాసు చూశాను. ఇంటికెళ్ళి ఆ కార్డు మళ్ళీ తీసి చూస్తే ఒకావిడ సింహం నోరు పట్టుకుని ఉంది."

"అది బలం. ఓర్చుకొమ్మని, తగాదాకు పోవద్దని. నీది కొత్త పద్ధతి కార్డుల పెట్టె. వాళ్ళు ఎనిమిదినీ పదకొండునీ అటుదిటు, ఇటుదటు చేశారు. ఇదిగో, నా పాత పెట్టె చూడు. ఎనిమిదిలో త్రాసు, పదకొండులో సింహం."

"నాకిప్పుడు పాఠం..."

"ఇంకో పెట్టె ఉంది. అందులో ఆవిడ సింహం మీదెక్కి కూర్చుంటుంది. పేరు మోహం. నంబర్లు పాత లెక్కే. మూడు కత్తుల కార్డు తీసుకో. పాతదాంట్లో మూడు కత్తులే గీస్తారు. నీదాంట్లో గుండెలో దిగి ఉంటాయి."

"ఆపు! శని ఆదివారాలు పాప నా దగ్గరుండేట్టు మా ఆయన రాజీకొచ్చాడు. సంతకం పెట్టబోతూ ఒక కార్డు తీసి నీకు ఫోన్ చేశాను. కోర్టుకెళ్ళు, న్యాయం నీదే అన్నావు."

"అన్నాను."

"ఏమొచ్చింది? నెలకోసారి, గంట. అదీ మా అత్తగారు ఎదురుగా కూర్చుంటే!"

"తీర్పు నేను రాయలేదు కదే."

"ఈ పెట్టె కొనిచ్చింది నువ్వే. కార్డుల మీద నంబర్లే, పేర్లు ఉండవు. ఏ పద్ధతిదో నీకు తెలియదా? మర్చిపోయానని ఒక్క మాట అను. పోతాను."

"టీ పెట్టనా?"

"అక్కా!"

"పదమూడో కార్డు తెలుసుగా. నీ పెట్టెలో చావు గుర్రమెక్కి వస్తుంది. నా పెట్టెలో కొడవలి పట్టుకుని నడుస్తుంది. దాని కింద పేరు కూడా రాయరు."

"ఇప్పుడదెందుకు?"

"పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో చేతులు చాపాను. అందరి ముందూ ఏమన్నావు?"

"గుర్తులేదు."

"చావు బొమ్మలు కలిపే చేతులు, నా బిడ్డను ముట్టుకోకు అన్నావు."

"ఒళ్ళు తెలియకుండా ఉన్నాను అప్పుడు. ఏదో నోరు జారాను."

"పాపకిప్పుడు నాలుగేళ్ళు. ఇప్పటిదాకా నేను ఎత్తుకోలేదు."

"సరే, తప్పే. తప్పు నాదే. కానీ అక్కా, నువ్వు రోజూ పాత పెట్టెతో చదువుతావు. అలవాటులో అనేశావు. అంతే కదా? అంతేనను."

"కార్డు తీసి ఫోన్లో అడిగేవాళ్ళను నేను మొదట ఏం అడుగుతాను?"

"బొమ్మలో ఏముందని. పక్కన కూర్చుని ఎన్నిసార్లు వినలేదూ."

"నిన్నేం అడిగాను?"

"నంబరు."

"బొమ్మ అడిగితే సింహం అనేదానివి."