పదకొండు పాయింట్ల చీటీ

ఆళ్లగడ్డ, బొమ్మలు చెక్కే వీధి. పొద్దున ఏడు కావస్తోంది. షరీఫా చిల్లర అంగడి ముందు సాయి ప్రియ నిలబడి ఉంది.

"షరీఫక్కా, బేగా ఒక బలపాల డబ్బా ఇయ్యి. నంద్యాల బస్సు వచ్చే టైమయింది."

"సోమారమే గదా ఒకటి తీసకపోయినావు, ప్రియా?"

"పిల్లోడు ఇరగ్గొట్టినాడు."

"ఏ పిల్లోడు? మీ పెద్దోనికే ఇంకా నాలుగు నిండలే."

"వాడే. పలక మీద గీకుతాంటాడు. ఇయ్యక్కా."

"ఇస్తాలే. ముందు స్టూలు మీద కూచో. రెండు మెట్లెక్కినందుకే ఆయాసపడతాండావు."

"ఎండ గదా."

"ఎండ యాడుండాది? నాలిక చూపీ."

"ఏందక్కా, నువ్వు డాక్టరమ్మవా?"

"చూపీమంటి... బలపం పొడి. నాలికా అంతే తెల్లగుండాది. ఎన్నాళ్ల నుంచి తింటాండావు?"

"తినడంల్యా. ఎప్పుడన్నా ఒక ముక్క. ఆ వాసనకు నోరూరుతాది. చిన్నోడు పుట్టినప్పటి నుంచే."

"నాలుగేండ్లకు మూడు కాన్పులు. రక్తం యాడ మిగుల్తాది? మాత్రలిచ్చినారు గదా?"

"కడుపులో తిప్పుతాదని మానేసినా."

"ముట్టు ఎన్నాళ్లుంటాది?"

"ఎనిమిది... ఒక్కోసారి పది. అదంతా ఇప్పుడెందుకక్కా. బస్సు పోతాది."

"నంద్యాలలో ఏం పని?"

"ఆపరేషను. పిల్లలు చాలని."

"ఇట్ల ఉంటే వాళ్లు చేయరు."

"చేస్తారు. పోయిన నెల రక్తం ఆరు పాయింట్లే ఉండాదని ఎనక్కి పంపినారు. ఇప్పుడు పదకొండు. ఇదిగో చీటీ."

"నెలకే ఆరు పదకొండయిందా? మాత్రలు మింగకుండా, బలపాలు తిని?"

"అక్కా, బస్సు..."

"ఇంకో బస్సొస్తాది. ఎట్లయిందో చెప్పు."

"మా ఆయనకు చెప్పనంటేనే."

"ముందు చెప్పు."

"చీటీలో పేరే నాది. సూదికి వేలిచ్చింది మా మహాలక్ష్మి వదిన."

"ఏం పని చేసినావే. ఆ రక్తంతో ఆపరేషను బల్లెక్కితే మళ్లీ లేస్తావా?"

"ఎక్కకపోతే నాలుగో కడుపు. దాన్ని కని లేస్తానా?"

"మీ ఆయన మహేష్‌కు ఎంత ఉంటాది రక్తం?"

"ఆయనకేం, పద్నాలుగు. మొన్న రక్తదానం గూడా చేసినాడు."

"మగోళ్లకూ చేస్తారు ఆ ఆపరేషను. గంటలో ఇంటికి పంపుతారు."

"ఆయనకా? రాళ్లు మోసే మనిషిని, బలం పోతాదంటాడు."

"నీకు బలముండాదా పోయేకి? యాడుండాడు ఇప్పుడు?"

"బస్టాండులో. సీటు పట్టేకి పోయినాడు."

"ఫోనిట్లియ్యి."

"చెప్పనంటివే."

"నేను యాడంటి? ఇయ్యి... మహేషా, నేను షరీఫక్కను. మీ యామె ఈడే ఉండాది. బస్సెక్కొద్దు, అంగడికి రా. ఆపరేషను మీ ఇద్దర్లో ఎవురికో ముందు తేలాల."