వైస్ ప్రెసిడెంటు గారిని బతిమాలిన రోజు

చక్రపాణి గారు నోరు విప్పారంటే ఎదురుగా కూర్చున్నవాళ్ల టీ చల్లారిపోవాల్సిందే. అమెరికాలోని ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీది టీ షాపుకి వచ్చే తెలుగువాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం సత్యం గారికి టీ మీద ధ్యాసే లేదు. ఆయన చూపంతా గోడ గడియారం మీదే ఉంది. అప్పటికి మూడుంబావైంది.

సంగతేమిటంటే, సత్యం గారు అక్కడి తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. ఒక్క ఏడాది చేసి దిగిపోదామనుకున్న పెద్దమనిషి మూడేళ్లుగా దిగలేక అల్లాడిపోతున్నారు. ఉగాదికి హాల్ బుక్ చేయాలన్నా ఆయనే, మైకు పనిచేయకపోతే పరుగెత్తాలన్నా ఆయనే, పులిహోర చాల్లేదని తిట్లు తినాలన్నా ఆయనే. సంఘం రూల్స్ ప్రకారం ఆ రోజు నాలుగింటిలోపు ప్రెసిడెంటు పోస్టుకి ఎవరూ నామినేషన్ వేయకపోతే, ఉన్న ప్రెసిడెంటే ఇంకో ఏడాది మోయాలి. "ఈసారి కూడా మీరే అయితే ఇంటికి రాకండి, ఆ హాల్లోనే పడుకోండి" అని భార్య మీనా పొద్దున్నే చెప్పేసింది. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు.

నామినేషన్ వేయాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నారు. సంఘం వైస్ ప్రెసిడెంటు చక్రపాణి గారికి ఆ కుర్చీ అంటే ప్రాణం. కానీ మనవాళ్లలో పదవి కావాలని ఎవరైనా నోరు తెరిచి అడుగుతారా? పదిమంది బతిమాలాలి, ఈయన పదిసార్లు వద్దనాలి, చివరికి 'మీ అందరి మాట కాదనలేక' అని ఒప్పుకోవాలి. పోయినసారి వైస్ ప్రెసిడెంటు పోస్టుకే పదకొండు ఫోన్లు చేయించుకున్నారాయన.

"చక్రపాణి గారూ, ఫారం అంతా నేనే నింపేశాను. మీరొక్క సంతకం పడేస్తే..." అంటూ కాగితం ముందుకు జరిపారు సత్యం గారు. అప్పటికది ఆరోసారి.

"అబ్బే, నాకెందుకండీ పదవులు?" అని చక్రపాణి గారు దాన్ని వేలితో వెనక్కి నెట్టి టీవీ వైపు చూపించారు. టీవీలో వారం రోజులుగా ఒకటే గోల. ఈ దేశపు వైస్ ప్రెసిడెంటు తన పార్టీ ప్రైమరీలో, అదే, ప్రెసిడెంటు అభ్యర్థి ఎవరో పార్టీ తేల్చుకునే పోటీలో దిగుతాడా, దిగడా అని. "వీళ్లకేం తెలుసండీ? నన్నడగమనండి చెప్తాను. ఆయన ఆగింది నా మాట మీద."

ఆ మాట వినగానే పక్క టేబుల్ దగ్గర్నుంచి సంఘం మెంబరు రేణు గారు కుర్చీ లాక్కుని మరీ వచ్చారు. వెనకే ఆవిడ కూతురు స్మృతి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది, శనివారాలు సంఘం పిల్లలకి తెలుగు క్లాసు చెప్తుంది.

"పోయిన నెల ఎడిసన్‌లో పార్టీవాళ్ల డిన్నర్‌కి సంఘం తరఫున వెళ్లానా" అని మొదలుపెట్టారు చక్రపాణి గారు, "బఫే లైన్లో నా ముందు ఎవరో పొడుగాటి మనిషి పట్టకారు పట్టుకుని సమోసా తీసుకోవాలా వద్దా అని ఊగిసలాడుతున్నాడు, వెనక నలభై మందిమి ఆగిపోయాం, నాకసలే ఆకలి, 'తీసుకోండి సార్, ఆలోచిస్తే చల్లారిపోద్ది' అన్నాను, వెనక్కి తిరిగాడు, చూద్దును కదా, వైస్ ప్రెసిడెంటు!"

"తీసుకున్నారా?" అన్నారు రేణు గారు.

"రెండు తీసుకుని రెండోది నా ప్లేట్లో పెట్టాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను. అయిపోతుందా? ఆదివారం పొద్దున్నే లాన్ కోసుకుంటుంటే ఫోను. కార్ వారంటీ అమ్మేవాళ్లేమోనని కట్ చేశాను. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాను. మూడుసార్లు! నాలుగోసారి 'చక్రపాణి గారూ, మీకు దణ్ణం పెడతా, కట్ చేయకండి, ప్రైమరీలో దిగమంటారా వద్దా' అని ఒకటే ఏడుపు గొంతు."

"తెలుగులోనా అంకుల్?" అంది స్మృతి.

"ఫీలింగ్ తెలుగేనమ్మా, మాటలే ఇంగ్లీషు."

సత్యం గారు గడియారం చూశారు. మూడున్నర. "ఆయన సంగతి సరే, ముందు మీరు దిగండి" అని ఏడోసారి కాగితం జరిపారు.

"ఉండండి సత్యం గారూ, అసలు కథ ఇప్పుడేగా మొదలైంది! ఇలాంటివి ఫోన్లో మాట్లాడకూడదు, ఇంటికి రండి అన్నాను. అన్నానో లేదో మా వీధిలోకి ఆరు నల్ల కార్లు, నలభై మంది సెక్యూరిటీ, చెవుల్లో వైర్లు, నల్లద్దాలు. గుమ్మం దగ్గరే ఆపేశాను. వైస్ ప్రెసిడెంటయితే ఏంటి, మా ఇంట్లో బూట్లు విప్పాల్సిందే! నలభై జతలు గరాజ్ దాకా వరస. ఈలోపు మా ఆవిడ పెసరట్లు మొదలెట్టింది, ఒక్కొక్కడూ ఆరేసి లాగించాడు, నానబోసింది రెండు గ్లాసుల పెసలు, అయినా పిండి తరగలేదు. అదెలాగో నాకిప్పటికీ తెలీదు."

"ఎమ్మెల్యే పెసరట్టు పెట్టారా ఆయనకి?" రేణు గారు నవ్వాపుకుంటూ అడిగారు.

"వైస్ ప్రెసిడెంటుకి ఎమ్మెల్యేది పెడితే ఏం మర్యాదండీ? నెయ్యి దట్టించి, 'ప్రెసిడెంటు పెసరట్టు' అని కొత్తది పోయించాను. అది తిన్నాక బేస్‌మెంట్లో కూర్చోబెట్టి చెప్పాను. సార్, మీ అంతట మీరు దిగితే పరువు పోద్ది, బతిమాలనివ్వండి. మొదటిసారి అడిగితే 'నాకెందుకు' అనండి. రెండోసారి 'ఇంట్లో ఒప్పుకోరు' అనండి. మూడోసారి నవ్వి ఊరుకోండి. బుద్ధిగా నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు. మర్నాడు టీవీలో చూశారుగా, అడిగితే నవ్వి వెళ్లిపోయాడు! 'సన్నిహిత వర్గాలు తెలిపాయి' అని పేపర్లో వేస్తారే, ఆ వర్గాలు ఎవరనుకున్నారు? నేనూ, మా ఆవిడా!"

సత్యం గారికి కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే గడియారం చూసి గతుక్కుమన్నారు. పావు తక్కువ నాలుగు. ఫోన్లో మీనా మెసేజ్: 'అయిందా?' ఆయన 'అవుతోంది' అని కొట్టారు. ఎనిమిదోసారి అడిగారు. చక్రపాణి గారు వినిపించుకోలేదు. తొమ్మిదోసారి చేతులు జోడించారు.

"ఇంట్లో ఒప్పుకోరండీ" అన్నారు చక్రపాణి గారు ముసిముసిగా నవ్వుతూ. ఇంకొక్కసారి అడిగించుకుని ఒప్పుకోవాలని ఆయన లెక్క. సత్యం గారికి మాత్రం ఇంక అడిగే ఓపిక లేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అయోవా నుంచి బస్సుల మీద బస్సులు, న్యూ హాంప్‌షైర్ వాళ్లయితే మంచు తీసే పారలతో సహా వచ్చేశారు, మా ఇంటి దగ్గర్నుంచి మెట్రోపార్క్ స్టేషన్ దాకా క్యూ, రైళ్లు ఆపేశారు! యాభై రాష్ట్రాల పార్టీ పెద్దలు మా లాన్ మీద మోకాళ్లేసి 'మీరైనా చెప్పండి చక్రపాణి గారూ' అని ఒకటే వేడుకోలు. పోటీలో ఉన్న ఏడుగురూ ఫోన్ చేసి 'ఆయన దిగితే మేం తప్పుకుంటాం, మాకు నిద్రల్లేవు' అన్నారు. ఏడుగురినీ కాన్ఫరెన్స్ కాల్లో పెట్టి మ్యూట్ చేశాను. ఇంతలో పైన హెలికాప్టర్! తాడు పట్టుకుని సాక్షాత్తూ ప్రెసిడెంటే మా డెక్ మీదకి దిగి, 'నా కుర్చీ తీసుకోమని చెప్పవయ్యా' అన్నాడు. మా బేస్‌మెంట్లో దాక్కున్న వైస్ ప్రెసిడెంటు కిటికీలోంచి నా వైపు చూశాడు, ఇప్పుడు ఒప్పుకోనా అని. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకొక్కసారి అడగనివ్వండి అని!"

రేణు గారు చప్పట్లు కొట్టారు. స్మృతి అప్పటిదాకా ఒళ్లో ఏదో రాసుకుంటూ వింటోంది. తలెత్తింది.

"అంకుల్, ఒక డౌట్. ప్రైమరీకి ఆయన కూడా ఫారం ఫైల్ చేయాలి కదా?"

"చేయాలి."

"దానికి లాస్ట్ డేట్ ఉంటుంది కదా?"

"ఉంటే? మనకోసం రెండు రోజులు పొడిగిస్తారమ్మా."

"పొడిగించకపోతే?"

చక్రపాణి గారు అప్పుడు మొదటిసారి గోడ గడియారం వైపు చూశారు.

"అప్పుడు ఆయన కూడా మీలాగే వైస్ ప్రెసిడెంట్‌గానే ఉండిపోతారు అంకుల్" అని, స్మృతి ఒళ్లో కాగితం తీసి సత్యం గారికిచ్చింది. టేబుల్ మీదున్న సత్యం గారి ఫోల్డర్లోంచి తీసుకున్న ఖాళీ ఫారమే అది. ఇప్పుడు ఖాళీగా లేదు. పోస్టు: ప్రెసిడెంటు. పేరు: స్మృతి. ప్రతిపాదించినవారు: రేణు. టైము మూడు యాభై నాలుగు.

సత్యం గారు రెండుసార్లు చదివారు. ఆనందానికి కళ్లు చెమర్చాయి.

"నిన్నెవరడిగారమ్మా?" అన్నారు చక్రపాణి గారు తెల్లబోయి.

"ఎవరూ అడగలేదు అంకుల్. అడగాలని ఫారంలో లేదు కదా? నా క్లాస్‌కి రూమ్ బుక్ చేయమని టూ ఇయర్స్ నుంచి అందర్నీ అడుగుతున్నా. ప్రెసిడెంట్ అయితే నేనే బుక్ చేసుకుంటా."

"సత్యం గారూ" అన్నారు చక్రపాణి గారు చిన్న గొంతుతో, "ఇంకొక్కసారి అడిగితే ఒప్పుకుందామనే అనుకున్నానండీ."

సత్యం గారికి జాలేసింది. "ఇంకా టైముంది, మీరూ వేయండి. ఇద్దరి మధ్య పోటీ పెడదాం."

"పోటీయా? ఇంటింటికీ వెళ్లి నాకు ఓటేయండని నేనడగాలా?" అని చక్రపాణి గారు కుర్చీలో వెనక్కి జారిపోయారు.

సత్యం గారు మీనాకి 'అయింది' అని మెసేజ్ కొట్టి, తృప్తిగా ఊపిరి పీల్చుకుని, చల్లారిన టీనే హాయిగా తాగేశారు. తాగుతూ గడియారం చూసి అన్నారు: "వైస్ ప్రెసిడెంటు పోస్టుకి కూడా ఇంకా ఎవరూ వేయలేదు. మూడు నిమిషాలుంది."

"నేను వేసేదా?" అని రేణు గారు ఫోల్డర్ మీద చెయ్యి వేశారు.

చక్రపాణి గారు ఒక్క ఉదుటున లేచి ఫోల్డర్ లాక్కున్నారు. స్మృతి వైపు ఆశగా చూశారు. "అమ్మాయ్, మాటవరసకైనా ఒక్కసారి అడగొచ్చుగా?"

"రెండు నిమిషాలే ఉంది అంకుల్."

"పెన్నేదీ? ఎవరి దగ్గరైనా పెన్నుందా?" అని చక్రపాణి గారు షాపంతా వినబడేలా అందర్నీ బతిమాలడం మొదలుపెట్టారు.