కొలత ప్రకారం చేతులు

వద్దు తాయమ్మక్కా, నాకు ఆ మైసూరుపాకు పెట్టొద్దు. పొద్దున్నించీ ఇస్కూల్లో ఇదే గోల. మీ శిష్యురాలికి బొమ్మల పోటీలో జిల్లా ఫస్టంట కదా కృపామణీ అని ఒకరు, ఇస్కూలు పేరు నిలబెట్టినావని ఇంగొకరు. ఎవురికి చెప్పుకునేది?

లోహిత ఇంట్లో లేదు కదా? మంచిదే. ముందు నీకే చెప్పాల.

డ్రాయింగు టీచరంటే మా ఇస్కూల్లో ఎవురికీ లెక్క లేదక్కా. నా పీరియడ్డు లెక్కల సారు లాగేసుకుంటాడు. అయినా బడి వదిలినాక కొందరు పిల్లోళ్లు నాకోసం నిలబడతారు. గోడ మీద నీడ యా రంగో సూడండి అంటాను. నలుపంటారు. బాగా సూడండి అంటాను. ఎవురన్నా నీలమంటే సాలు, ఆ పొద్దంతా నాకు ఆకలే కాదు. సెలవొస్తే కాళాస్తికి పోయి కలంకారీ వేసేవాళ్ల పక్కన కూర్చుంటాను. ఈ వయసులో ఇంగా నేర్చుకుంటా ఉండాను, ఏం పిచ్చో.

మీ లోహిత అట్ల నీలమన్న పిల్ల.

పోటీకి నిన్నే గీసింది. చూపించలేదా నీకు? పల్పు ఫ్యాక్టరీలో నువ్వు మామిడికాయలు కోస్తా ఉన్నట్టు. చేతులు మాత్రం మొహం కన్నా పెద్దవి వేసింది. రసానికి తోలు లేచిపోయి, ఎర్రగా. కొలత తప్పింది కదమ్మా అన్నాను. "మా అమ్మ ఇంటికొస్తే నాకు ముందు చేతులే కనబడతాయి టీచర్" అనింది.

ఎందుకక్కా, ఇప్పుడు వాటిని కొంగులో దాస్తావు?

నేను సరేనని తలూపినాను. తలూపి ఏం చేసినానో తెలుసా? చిత్తూరికి పంపే ముందు, ఆదివారం, అట్ట అంటిద్దామని బొమ్మ ఇంటికి తీసకపోయినాను. ఒక వేలు సరిచేద్దామనుకున్నాను. ఒక్క వేలే. తర్వాత మణికట్టు. తర్వాత రెండు చేతులూ. తలెత్తి సూస్తే పొద్దు వాలిపోయినాది. సక్కని చేతులక్కా, నున్నగా, కొలత ప్రకారం. నీవి కావు.

జడ్జీలు ఆ చేతుల్నే మెచ్చుకున్నారంట.

నిన్న చిత్తూరులో ఆ బొమ్మను స్టేజి మీద పెట్టి పేరు పిలిస్తే మీ బిడ్డ కుర్చీలోంచి లేవలేదు. నేనే పోయి షీల్డు తీసుకున్నాను. దిగినాక నా మొహం సూడకుండా, "అది మా అమ్మ కాదు టీచర్" అనింది. కోపంగా అనింటే బాగుండు. ఈ పొద్దు నేనిచ్చిన రంగుల డబ్బా నా బల్ల మీద పెట్టేసి, క్లాసుకి నిలబడకుండా పోయినాది.

ఏమంటావు? పిల్ల బాగుకోసమే చేసినావులే టీచరమ్మా అంటావా?

అట్ల అనొద్దక్కా. ఉద్యోగంలో చేరినప్పటినించీ నాదంటూ ఒక్క బొమ్మ వేసుకోలేదు నేను. పిల్లోళ్ల బొమ్మల్లో గీతలు దిద్దడమే. ఆ ఆదివారం కుంచె పట్టుకున్నాక నాకు లోహిత గుర్తే లేదు. నువ్వూ గుర్తు లేవు. ఫస్టొచ్చిందని ఫోను వస్తే నా గుండె ఎగిరినాది సూడు, అది ఆ పిల్లకోసం కాదు.

రేపు చిత్తూరికి పోయి జరిగింది చెప్పి, షీల్డు వాళ్లకే ఇచ్చేస్తాను. తిడతారు, పడతాను. అది కష్టమేం కాదు. పాడు చేస్తా ఉండానని తెలిసి కూడా, ఆ పొద్దు నాకెంత సుఖంగా ఉండిందో, ఆ మాట నీ బిడ్డకి ఏ మొహంతో చెప్పేదక్కా?